రోకటి చప్పుడే ఆ హోటలుకు బోర్డు

బాంకాక్‌ మహానగరంలో ఈసాన్‌ హోటలు ఎక్కడుందో తెలుసుకోవడానికి బోర్డు చదవనక్కరలేదు. చెవి ఒగ్గితే చాలు. సందు మలుపులో ‘పోక్‌... పోక్‌... పోక్‌’ మని రోట్లో రోకలి పడుతున్న చప్పుడు వినిపిస్తే అక్కడ పచ్చి బొప్పాయి దంచుతున్నారన్నమాటే. ఆ వెనుకనే బొగ్గుల మీద కాలుతున్న కోడి వాసన, వేయించిన ఎండు మిరపకాయల ఘాటు ముక్కుకు తగులుతాయి. రేకుల పందిరి, నాలుగైదు మడత బల్లలు, ప్లాస్టిక్‌ స్టూళ్లు, ఓ మూల ఐసు పెట్టె - చిన్న హోటలైతే సరంజామా ఇంతే. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఆ స్టూళ్ల మీద టాక్సీ డ్రైవరు పక్కన బ్యాంకు గుమాస్తా, గుమాస్తా పక్కన తాపీమేస్త్రీ కూర్చుని ఒకే రకం భోజనం చేస్తుంటారు.

ఈ భోజనం పుట్టింది బాంకాక్‌లో కాదు. నగరానికి ఎంతో దూరాన, ఎండకు ఎండిపోయే పీఠభూమి నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలీలు తమతోపాటు తెచ్చుకున్న తిండి ఇది. ఒకనాడు నగరవాసులు ముక్కు మూసుకున్నది దీన్ని చూసే. నేడు మధ్యాహ్నం బల్ల ఖాళీ కోసం నిలబడుతున్నదీ దీని కోసమే.

పేరు మనకు తెలిసినదే

‘ఈసాన్‌’ అనే మాట తెలుగువారికి కొత్త కాదు. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు సిద్ధాంతి నోట పదేపదే వినిపించే ‘ఈశాన్యం’ ఇదే. సంస్కృతం నుంచి థాయి భాషలోకి వెళ్లింది. థాయిలాండ్‌ దేశానికి ఈశాన్య మూలన ఉన్న ప్రాంతానికి 1900 ప్రాంతంలో బాంకాక్‌ పాలకులు పెట్టిన పరిపాలనా నామం కాలక్రమాన ఆ నేలకూ, జనానికీ, భాషకూ, చివరకు వంటకూ పేరైంది. మన జిల్లాల వంటివి ఇక్కడ 20 ఉన్నాయి. దేశ విస్తీర్ణంలోనూ, జనాభాలోనూ సుమారు మూడో వంతు ఈ ప్రాంతానిదే. ఉత్తరాన, తూర్పున మెకాంగ్‌ నది సరిహద్దు. ఆవలి ఒడ్డున లావోస్‌ దేశం. ఈసాన్‌ ప్రజల్లో ఎక్కువమంది మాట్లాడేది లావో భాషకు దగ్గరి యాసే. అసలు లావోస్‌లో కంటే ఈసాన్‌లోనే లావో జాతివారు ఎక్కువమంది ఉండటం విశేషం.

ఈశాన్యాన నీరుండాలని మన వాస్తు చెబుతుంది. థాయిలాండ్‌ ఈశాన్యంలో కొరవడింది సరిగ్గా ఆ నీరే. వానలు బొత్తిగా పడవని కాదు. పడిన నీరు ఇసుక నేలలో నిలవదు. చాలాచోట్ల వానాకాలంలో ఒక్క వరి పంట, ఆ తర్వాత నెలల తరబడి ఎండిన మళ్లు. దీనికి తోడు భూమి అడుగున ఉప్పు పొరలు ఉన్నాయి. వేసవిలో ఆ ఉప్పు పైకి ఉబికి పొలాల మీద తెల్లగా పేరుకుంటుంది. అయిదు జిల్లాల మధ్య పరచుకున్న ఒక మైదానానికి ‘తుంగ్‌ కులా రోంగ్‌హాయ్‌’ అని పేరు. కాలినడకన దేశాలు తిరిగే కులా వర్తకులు కూడా ఆ మైదానాన్ని దాటలేక ఏడ్చారట. అందుకే ఆ పేరు.

ఈ కరువు సంగతి తెలిస్తేనే ఈసాన్‌ హోటలు బల్లపై కనిపించే ప్రతి వంటకానికీ అర్థం తెలుస్తుంది. నూనె తక్కువ, కొబ్బరి పాలు దాదాపు లేవు, మాంసం కొద్దిగానే, కారమూ పులుపూ ఉప్పూ దండిగా. కాస్త కూరతో ఎక్కువ అన్నం తినడానికి పేదవాడు ఏ దేశంలోనైనా కనిపెట్టిన ఉపాయమే ఇది. గొడ్డుకారంతో, ఊరగాయ బద్దతో పూట గడిపిన ఇళ్లకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు.

మిరపకాయలు ఎన్ని?

ఈసాన్‌ భోజనానికి మూడు స్తంభాలు: బొప్పాయి సోమ్‌ తమ్‌, నిప్పుల మీద కాల్చిన కోడి గై యాంగ్‌, జిగురు బియ్యం అన్నం ఖావ్‌ నియావ్‌. ఈ మూడూ కలిస్తేనే భోజనం.

‘సోమ్‌’ అంటే పులుపు, ‘తమ్‌’ అంటే దంచడం. ఒక విధంగా మన రోటి పచ్చడికి దాయాది. అయితే రోలు వేరు. లోతైన మట్టి రోలు, దానికి కర్ర రోకలి. రాతి రోటిలో వేస్తే బొప్పాయి ముద్దయిపోతుంది. ఇక్కడ కావలసింది నలగడమే గాని మెదగడం కాదు. ముందు వెల్లుల్లి, మిరపకాయలు వేసి కచ్చాపచ్చాగా దంచుతారు. తర్వాత తాటిబెల్లం, నిమ్మరసం, చేపల పులుసు వంటి ‘నామ్‌ ప్లా’ కలుపుతారు. అలసంద కాయలు విరిచి, టమాటాలు కోసి వేస్తారు. చివరగా దారాల్లా తరిగిన పచ్చి బొప్పాయి. కుడిచేత రోకలి పడుతూంటే ఎడమచేతి గరిటె కింది ముక్కలను పైకి తిప్పుతూనే ఉంటుంది. రెండు నిముషాల్లో పళ్లెం సిద్ధం. ముందే చేసి ఉంచడమన్నది లేదు. అడిగిన తర్వాతే, అడిగినవారి నాలుకకు తగినట్టే.

అందుకే దంచే ఆమె ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: మిరపకాయలు ఎన్ని? లెక్క కాయల్లోనే. కొత్తవారు ఒకటీ రెండూ అంటారు. ఊరివాళ్లు పది చెప్పినా ఆశ్చర్యం లేదు. ఆ చిన్న మిరపకాయ చూడటానికి అల్పమే గాని గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుకను సైతం కాసేపు మూగబోయేలా చేయగలదు.

రకాలు కూడా చాలానే. వేరుశెనగ పలుకులు, ఎండు రొయ్యలు వేసి కాస్త తియ్యగా చేసేది ‘తమ్‌ థాయ్‌’. నగరవాసుల నాలుక కోసం పుట్టినది. ఊరబెట్టిన చేప, ఉప్పులో నానిన పొలం పీత వేసి దంచేది ‘తమ్‌ లావో’. ఇది ఈసాన్‌వారి సొంతం. పళ్లెం చూసి తినేవాడి ఊరు చెప్పవచ్చునని అనుకునేవారు కద్దు. ఇప్పుడా గుర్తు పనికిరాదు. బాంకాక్‌ వాళ్లూ రెండోదే అడుగుతున్నారు.

ఇంతకూ ఇది అనాది వంటకమనుకుంటే పొరపాటు. బొప్పాయి, మిరప - రెండూ అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి 16వ శతాబ్దం మొదలు ఆసియాకు చేరినవే. మన వంటింటికి మిరపకాయ వచ్చిన కథే ఇక్కడిదీ.

మూత వేయకపోతే కీడు

అన్నం పళ్లెంలో రాదు. మూత ఉన్న చిన్న వెదురుబుట్టలో వస్తుంది. దాని పేరు క్రతిప్‌. మనిషికొక బుట్ట. ఈ జిగురు బియ్యాన్ని మనలా ఎసట్లో పోసి ఉడికించరు. రాత్రంతా నానబెట్టి, శంకువులాంటి వెదురుబుట్టలో పోసి, మరుగుతున్న కుండ మూతిపై నిలబెట్టి ఆవిరి పట్టిస్తారు. మామూలు బియ్యంలో రెండు రకాల పిండిపదార్థాలు ఉంటాయి. అందులో మెతుకులను విడివిడిగా ఉంచే రకం ఈ బియ్యంలో దాదాపు ఉండదు. అందుకే ఈ జిగురు.

మామూలుగా థాయిలాండ్‌ వారు భోజనానికి చెంచా, ముళ్ల చెంచా వాడతారు. పుల్లలు సేమ్యా వంటకాలకే. ఈసాన్‌ అన్నం దగ్గర మాత్రం చేతివేళ్లే సాధనం. తెలుగువాడు ఇక్కడ మొహమాటపడాల్సిన పని లేదు. చిటికెడు అన్నం తీసి, వేళ్లతో ఉండ చేసి, బొటనవేలితో చిన్న గుంట నొక్కి, ఆ గుంటతో పచ్చడిని అందుకుని నోట్లో వేసుకోవడమే. చేతికి అంటదు. అంటితే అది వండటంలో లోపం. తిన్న తర్వాత బుట్ట మూత పెట్టకుండా లేవరు. మూత తెరిచి వదిలేస్తే ఇంటికి కీడని నమ్మకం. కారణం ఆలోచిస్తే తేలికే. గాలి తగిలితే మిగిలిన అన్నం గట్టిపడుతుంది. అన్నం పారేసుకోగల ఇళ్లు కావవి.

ఇంకో విచిత్రం. లోకమంతా కొనుక్కునే సువాసన బియ్యం ‘హోమ్‌ మలి’ పండేదీ ఈ ఈసాన్‌లోనే. ‘మలి’ అంటే మన మల్లె. ఒకనాడు వర్తకులను ఏడిపించిన మైదానం నేడు ఆ బియ్యానికే పేరుమోసింది. 1959లో అధికారికంగా గుర్తించిన వంగడం ఆ నేల రాత మార్చింది. రైతు మల్లెల బియ్యం పండించి అమ్ముతాడు. తన ఇంట్లోకి మాత్రం జిగురు బియ్యమే దాచుకుంటాడు.

నిప్పులు, ఆకులు

బొగ్గుల పొయ్యి దగ్గర కోళ్లు వెదురుబద్దల మధ్య బిగించి ఉంటాయి. వెల్లుల్లి, మిరియాలు, కొత్తిమీర వేరు పట్టించి, మంట తగలకుండా సెగ మీదే నింపాదిగా కాలుస్తారు. పక్కనే ఉప్పు పూతతో తెల్లబడ్డ తిలాపియా చేపలు. వాటి పొట్టలో నిమ్మగడ్డి కట్ట కూరి ఉంటుంది. ఈ చేపకూ ఒక చరిత్ర ఉంది. 1965లో జపాన్‌ యువరాజు అకిహితో థాయిలాండ్‌ రాజు భూమిబల్‌కు 50 తిలాపియా పిల్లలను పంపాడు. అక్కడి నుంచే అవి దేశంలోని చెరువులకు పాకాయి.

‘లాబ్‌’ అనేది మరో ముఖ్య వంటకం. సన్నగా కొట్టిన మాంసంలో నిమ్మరసం, ఎండు కారం, చిన్న ఉల్లిపాయలు, పుదీనా కలుపుతారు. దాని రహస్యమంతా వేయించి పొడి చేసిన బియ్యంలో ఉంది. ఆ పొడి పడగానే కమ్మటి వాసన వస్తుంది, రసం చిక్కబడుతుంది, కొద్ది మాంసమే ఎక్కువై కనిపిస్తుంది.

వీటితోపాటు అడగకుండానే ఒక పళ్లెం నిండా పచ్చి ఆకులూ కాయలూ వస్తాయి. క్యాబేజీ, తులసి జాతి ఆకులు, తూటికూర, అలసందలు. ఒక్కొక్కచోట ఆ పళ్లెంలో కనిపించే ఒక లేత కొమ్మను చూస్తే కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు ఉలిక్కిపడతాడు. అది సుబాబుల్‌! మన దగ్గర కాగితం మిల్లులకూ, మేకలకూ వెళ్లే చెట్టు చిగుళ్లు ఇక్కడ మనుషుల కంచంలో చేరాయి. కారం దెబ్బకు విరుగుడుగా వాటిని నములుతారు. ఉగాది నాడు మనం ఒక్క పూట తినే వేప కూడా వారికి కూరే. వేప చిగుళ్లు, పూత వేడినీళ్లలో ముంచి తీసి, కాల్చిన చేపతో నంజుకుంటారు. ఎండిన నేలలో ఏది పచ్చగా కనిపిస్తే అది తినడం నేర్చినవారికి చేదు కూడా రుచే.

వాసన వెనుక కథ

ఈసాన్‌ వంటకు ప్రాణం ‘ప్లా రా’. మంచినీటి చేపలను ఉప్పు, తవుడు లేదా వేయించిన బియ్యప్పిండితో కలిపి కుండలో నెలల తరబడి ఊరబెడతారు. వానాకాలంలో మళ్లలోకి, వాగుల్లోకి వచ్చే చేప వేసవిలో దొరకదు. పంటను చెడగొట్టే ఉప్పే నేల నుంచి పుష్కలంగా దొరుకుతుంది. ఆ రెండింటినీ కలిపి ఏడాది పొడుగునా కూరకు లోటు లేకుండా చేసుకున్నారు. వాసన ఘాటే. మన ఎండు చేపల బజారు తెలిసినవారికి భయం లేదు గాని తెలియనివారు మొదటిసారి కుర్చీ వెనక్కి జరుపుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పల్లెల్లో పచ్చి చేపను తరిగి కారం, పులుపు కలిపి తినే ‘కోయ్‌ ప్లా’ అనే వంటకం ఉంది. ఆ చేపల్లో ఉండే ఒక పురుగు కాలేయంలో చేరి ఏళ్ల తరువాత పిత్తనాళాల క్యాన్సరుకు దారితీస్తుంది. ఆ పురుగును క్యాన్సరు కారకంగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1994లో నిర్ధారించింది. ప్రపంచంలోనే ఆ క్యాన్సరు బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఈసాన్‌ ఒకటి. నిమ్మరసం పురుగును చంపుతుందనుకోవడం భ్రమ. ఉడికించాల్సిందే. థాయి వైద్యశాఖ ఏళ్లుగా ఊరూరా చాటుతున్నది ఇదే. అందువల్లనే నగరంలోని అనేక హోటళ్లు ప్లా రాను మరిగించే వాడుతున్నాయి. కొత్తవారు అడిగి తెలుసుకోవడం మేలు.

రైలు వచ్చె, రోడ్డు వచ్చె

ఈ రుచి బాంకాక్‌ చేరడానికి దారి వేసింది రైలు. 1900లో బాంకాక్‌ నుంచి ఈసాన్‌ ముఖద్వారమైన నకోన్‌ రాచసీమా వరకు రైలు మార్గం ప్రారంభమైంది. 1958లో అమెరికా సహాయంతో ‘మిత్రభాప్‌’ రహదారి సిద్ధమైంది. మిత్రభావం అన్న మాటే అది. పీఠభూమి అంచున ఉన్న కొండలు దాటడం బస్సులకు తేలికైంది. ఎండాకాలం వచ్చిందంటే పొలంలో పనిలేని పడుచువాళ్లు బస్సెక్కసాగారు. కట్టడాల దగ్గర కూలీలుగా, రిక్షా లాగేవారుగా, ఇళ్లల్లో పనిమనుషులుగా, మిల్లుల్లో కార్మికులుగా చేరారు. తర్వాతి తరం టాక్సీలు నడిపింది. పాలమూరు వలస బతుకులు ఎరిగిన తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు.

వారి వెంటే రోలూ వచ్చింది. 1945లో తెరచిన రాజదమ్నోన్‌ ముష్టియుద్ధ క్రీడాస్థలం వద్ద, పోటీలు చూడవచ్చే ఈసాన్‌ అభిమానుల కోసం కోడి కాల్చి అమ్మే దుకాణాలు వెలిశాయి. నగరవాసులు ఈ భోజనం రుచి మొదట మరిగింది అలాంటిచోట్లనేనంటారు.

అయితే గౌరవం రుచి వచ్చినంత త్వరగా రాలేదు. చేత్తో జిగురు అన్నం తినేవారంటే మోటువారని చులకన. ‘లావో’ అన్న మాటే తిట్టుగా వాడిన రోజులున్నాయి. నగరంలో నాలుగు డబ్బులు చేసుకున్నవారు ప్లా రా వాసన ఇరుగుపొరుగుకు తెలియకుండా జాగ్రత్తపడేవారు. 1930ల నాటి కరువులో తిండి వెతుక్కుంటూ సాగే ఒక ఈసాన్‌ కుటుంబం కథను కంపూన్‌ బూంతవీ 1976లో ‘లూక్‌ ఈసాన్‌’ అనే నవలగా రాశాడు. 1979లో ఆగ్నేయాసియా రచయితల పురస్కారం దానికే వచ్చింది. చీమల గుడ్లు, తొండలు, పొలం పీతలు తిని బతికిన జీవితంలో సిగ్గుపడవలసింది ఏదీ లేదని ఆ పుస్తకం దేశానికి చెప్పింది. 2017లో మన పద్మభూషణ్‌ అందుకున్న థాయి రాజకుమారి సిరింధోర్న్‌ స్వయంగా సోమ్‌ తమ్‌ తయారీపై పాట రాశారు. జానపద బాణీల గాయని పుమ్‌పువాంగ్‌ గొంతులో అది ఇంటింటా మోగింది.

2017 డిసెంబరులో బాంకాక్‌ హోటళ్లకు మిషలాన్‌ గైడు తొలి సంచిక వెలువడింది. 2023 సంచిక నాటికి ఆ గైడు ఈసాన్‌లోని నాలుగు నగరాల్లోకి అడుగుపెట్టింది. నేడు బాంకాక్‌లో ఏసీ గదుల్లో, తెల్లగుడ్డ పరచిన బల్లలపై కూడా తమ్‌ లావో వడ్డిస్తున్నారు. ‘రుచిగా ఉంది’ అనడానికి ఈసాన్‌వారు వాడే ‘సేప్‌’ అనే పల్లె మాట ఇప్పుడు రాజధాని యువతకు ఫ్యాషను.

తెలుగు యాత్రికులకు

2023 నవంబరులో భారతీయులకు వీసా మినహాయింపు ఇచ్చిన తర్వాత బాంకాక్‌కు మనవారి రాకపోకలు పెరిగాయి. వచ్చినవారిలో చాలామంది ఇడ్లీ, చపాతీ దొరికే హోటళ్లనే వెతుక్కుంటారు. ఒక్క పూటైనా రోకటి చప్పుడు వెంట నడిస్తే నష్టం లేదు. బండి దగ్గరైతే కొద్ది పదుల బాట్లకే సోమ్‌ తమ్‌ పళ్లెం వస్తుంది. వంటకాలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకు తినడం ఆనవాయితీ. కనుక నలుగురు కలిసి వెళ్లడం మంచిది. శాకాహారులు మాత్రం బొప్పాయి సలాడే కదా అని మోసపోకూడదు. చేపల రసం లేని ఈసాన్‌ వంట అరుదు. ‘జే’ అని గట్టిగా చెప్పాలి. పసుపు జెండాపై ఎర్ర అక్షరాలతో అదే మాట కనిపించే దుకాణమైతే మరీ నిశ్చింత.

మూత పడే రోజులు

బల్ల మీది పళ్లెం ఇంత పేరు తెచ్చుకున్నా, దాన్ని దంచే చేతుల కథ పెద్దగా మారలేదు. నేటికీ ఈసాన్‌ పల్లెల్లో ముసలివాళ్లూ, వారి ఒళ్లో పెరిగే మనుమలూ ఉన్న ఇళ్లు ఎన్నో. తల్లీ తండ్రీ నగరంలో. నెలనెలా వచ్చే డబ్బుతోనే ఆ ఇళ్ల పొయ్యి వెలుగుతుంది. 1997లో థాయి బాట్‌ విలువ కూలి, కట్టడాల పనులు ఆగిపోయినప్పుడు వేలాదిగా కూలీలు ఊళ్లకు తిరిగారు. 2020 మార్చిలో కరోనా కారణంగా బాంకాక్‌లో దుకాణాలు మూయించినప్పుడు మో చిట్‌ బస్సు స్టాండు మూటలతో, పిల్లలతో కిక్కిరిసింది. పని పోయినా ఊళ్లో బుట్టెడు జిగురు అన్నం దొరుకుతుందన్న ధైర్యమే వారిని నడిపించింది.

ఏటా ఏప్రిల్‌ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్‌. మన సంక్రాంతి మాటే, వారి సంవత్సరాది. ఆ రోజుల్లో ఈసాన్‌ వెళ్లే రైళ్లూ బస్సులూ నిండిపోతాయి. బాంకాక్‌ వీధుల్లో టాక్సీ దొరకడం కష్టం. ఇళ్లల్లో పనిమనిషి ఉండదు. సందు మలుపులో రేకుల పందిరి కింద రోలు బోర్లించి ఉంటుంది.

అటు పల్లెలో మట్టి రోలు ముందు ముసలితల్లి కూర్చుని దంచుతుంది. ఏడాదంతా ఊరివాళ్లకు వండిపెట్టిన కూతురు ఆ మూడు రోజులూ అమ్మ చేతి తిండి తింటుంది. అక్కడ మిరపకాయలు ఎన్నని అడిగేవారు ఉండరు. తల్లికి తెలుసు.